‘అప్’రూపమైన మాట!

యు, పి... రెండే అక్షరాలు. అర్థమేంటని ఎల్‌కేజీ పిల్లాడిని అడిగినా చెయ్యి పైకెత్తి చూపించేస్తాడు. కానీ ఆ బుల్లి మాట ఇంకో మాట పక్కన చేరిందంటే చాలు, అర్థం ఎటు దూకుతుందో చెప్పలేం. దాంతో పోయేది పరీక్షలో రెండు మార్కులే అనుకుంటాం. ఒక్కోసారి అంతకంటే పెద్దవే పోతాయి!

మా పెద్దమ్మ ముప్ఫై ఏళ్లు తెలుగు మీడియం బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. ఇంగ్లిషు పేపరు చదువుతుంది. అప్లికేషన్లు ఒక్క తప్పు లేకుండా రాస్తుంది. ఆ ధైర్యంతోనే డాలస్‌లో ఉన్న కూతురింటికి ఒక్కతే విమానమెక్కి వెళ్లింది. అక్కడ ఓ రాత్రి తిన్నదేదో పడలేదు. తెల్లారేదాకా ఒకటే వాంతులు. అక్క హడావుడిగా ఆసుపత్రికి తీసుకెళ్లి, గుమ్మం దగ్గర దింపి, కారు పెట్టి రావడానికి వెళ్లింది. ఆ అయిదు నిమిషాల్లోనే నర్సు వచ్చింది. బీపీ చూసి, ‘ఆర్ యూ త్రోయింగ్ అప్?’ అని అడిగింది.

త్రో అంటే విసరడం. అప్ అంటే పైకి. రెండు మాటలూ పెద్దమ్మకి బాగా తెలుసు. పైకి విసురుతున్నానా? నేనేం విసురుతాను? చేతిలో ఉన్న పర్సు గట్టిగా పట్టుకుని, ‘నో... నో’ అంది. వాంతులు లేవని నర్సు రాసేసుకుంది!

అక్క వచ్చి సంగతి చెప్పింది కాబట్టి సరిపోయింది. సెలైన్ ఎక్కించి సాయంత్రానికి ఇంటికి పంపారు. ఒంట్లో నీరసం రెండు రోజుల్లో తగ్గింది. మనసులో బాధ మాత్రం తగ్గలేదు. ‘నాకు తెలిసిన రెండు మాటలు కలిసి, నాకు తెలియని మాటెలా అయ్యాయే?’ అని ఫోన్లో నన్ను అడిగింది. ఇంగ్లిషు నేర్చుకునే ప్రతి తెలుగింట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ప్రశ్నే ఇది. దాని జవాబు కోసం వెతుకుతూపోతే లండన్ రైళ్లూ, కలకత్తా జడ్జీగారూ, సంస్కృత వ్యాకరణమూ అన్నీ తగిలాయి. చివరికి అసలు జవాబు మన వంటింట్లోనే దొరికింది.

పొద్దున లేస్తే అదే!

ఇంగ్లిషు మాట్లాడే ఇంట్లో ఒక రోజు ఎలా గడుస్తుందో చూడండి. తెల్లవారగానే ‘వేక్ అప్’ అని లేపుతారు. ‘గెట్ అప్’ అని మంచం దింపుతారు. స్నానం చేసి ముస్తాబైతే ‘డ్రెస్ అప్’. ఆలస్యమైతే ‘హరీ అప్’. బడి నుంచి తీసుకొస్తే ‘పిక్ అప్’. వెనకబడిన పాఠాలు అందుకుంటే ‘క్యాచ్ అప్’. గొంతు వినపడకపోతే ‘స్పీక్ అప్’. చిందరవందరగా ఉన్న గది సర్దితే ‘క్లీన్ అప్’. ఇక నావల్ల కాదని చేతులెత్తేస్తే ‘గివ్ అప్’. ఇన్నిటిలో నిజంగా పైకి లేచే పని ఉన్నది ఒకటో రెండో!

వ్యాకరణం ప్రకారం చూసినా ఈ మాటకి అయిదు వేషాలు. ‘లుక్ అప్’ అన్నప్పుడు క్రియా విశేషణం. ‘అప్ ద హిల్’ అన్నప్పుడు విభక్తి పని చేసే ప్రిపొజిషన్. ‘అప్ ట్రైన్’ అంటే విశేషణం. జీవితంలో ‘అప్స్ అండ్ డౌన్స్’ అంటే నామవాచకం. వ్యాపారి ధర పెంచితే ‘హీ అప్డ్ ద ప్రైస్’... అక్కడ ఏకంగా క్రియ!

అంతేనా? ‘ఆర్ యూ అప్?’ అంటే మెలకువగా ఉన్నావా అని. ‘ఇట్స్ అప్ టు యూ’ అంటే నీ ఇష్టమని. ‘వాట్ ఆర్ యూ అప్ టు?’ అంటే ఏం చేస్తున్నావని... అడిగే గొంతును బట్టి ఏం వెలగబెడుతున్నావని కూడా! ‘ద సిస్టమ్ ఈజ్ అప్’ అంటే కంప్యూటర్ పనిచేస్తోందని. ‘టైమ్ ఈజ్ అప్’ అంటే సమయం అయిపోయిందని. ఒకచోట పని మొదలైందని చెప్పే మాటే ఇంకోచోట అంతా ముగిసిందని చెబుతుంది. ఇక పలకరింపుల్లో వినపడే ‘వాట్సప్’ సంగతి చెప్పక్కర్లేదు. 1940లో వచ్చిన కార్టూన్‌లో బగ్స్ బనీ అనే కుందేలు క్యారట్ నములుతూ ఆ పలకరింపును పిల్లలందరికీ అలవాటు చేసింది. 2009లో ఇద్దరు అమెరికా ఇంజినీర్లు ఆ పలకరింపు మీదే మాటలాట ఆడి తమ మెసేజీల యాప్‌కి పేరు పెట్టారు. ఇప్పుడది మన బామ్మల ఫోన్లలోనూ ఉంది.

పైకొచ్చిన మనుషులు

మంచిదైనా, ఎక్కువైనా, సంతోషమైనా ఇంగ్లిషువాళ్లకి ‘అప్’. చెడ్డదైనా, తక్కువైనా, దిగులైనా ‘డౌన్’. ధరలు అప్, మార్కులు అప్, హుషారుగా ఉంటే మనసూ అప్. దీని మీద జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ అనే ఇద్దరు అమెరికా పండితులు 1980లో ఓ పుస్తకమే రాశారు. మనిషి ఆరోగ్యంగా ఉంటే నిలబడతాడు, జబ్బు చేస్తే పడుకుంటాడు. గంపలో ధాన్యం పోసేకొద్దీ మట్టం పైకొస్తుంది. ఒంటికీ కంటికీ అనుభవంలో ఉన్న ఈ సంగతులే మాటల్లోకి చేరతాయన్నది వాళ్ల వాదన.

నిజమే కదూ! మనం మాత్రం ఏమంటాం? కష్టపడి ‘పైకొచ్చాడు’ అంటాం. బుద్ధి గడ్డి తింటే ‘దిగజారిపోయాడు’ అంటాం. ఆఫీసులో ‘పై అధికారి’, ‘కింది ఉద్యోగి’ ఒకే అంతస్తులో పక్కపక్క గదుల్లో కూర్చున్నా ఒకరు పైన, ఒకరు కింద. ఉల్లిపాయల ధర ‘కొండెక్కింది’ అంటాం.

ఆగండాగండి... దేవుడి ముందు దీపం ఆరిపోతే ఏమంటాం? అదీ ‘కొండెక్కింది’ అనే అంటాం! ధర కొండెక్కితే పెరిగినట్టు, దీపం కొండెక్కితే ముగిసినట్టు. ఇంగ్లిషువాడు ‘ప్రైసెస్ ఆర్ అప్’, ‘టైమ్ ఈజ్ అప్’ అన్నప్పుడు చేసేదీ అదే. మన కొండకి ఎన్నడూ తికమకపడని మనం, వాళ్ల అప్‌కి ఎందుకు తికమకపడాలి?

కొండ దిగినా ‘అప్’ రైలే!

స్టేషన్‌లో ‘అప్ లైన్’, ‘డౌన్ లైన్’ అన్న మాటలు వినే ఉంటారు. అప్ అంటే ఉత్తరానికనీ, ఎగువకనీ ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెబుతుంటారు. ఈ అలవాటు బ్రిటన్‌ది. అక్కడ మామూలుగా లండన్ వైపు వెళ్లే రైలు అప్, లండన్ నుంచి దూరంగా వెళ్లేది డౌన్. స్కాట్లాండ్ కొండల నుంచి కిందికి దిగి వస్తున్నా సరే, లండన్‌కి వస్తోంది కాబట్టి అప్! రాజధాని గొప్పది, గొప్పది ఎప్పుడూ పైనే ఉంటుందన్నది లెక్క. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాలదీ ఇదే దర్జా. అక్కడ చదువుకోవడానికి వెళితే ‘గో అప్’. చదువు ముగించి వస్తే ‘కమ్ డౌన్’. అల్లరి చేసి బహిష్కరణకు గురైతే ‘సెంట్ డౌన్’.

బ్రిటిష్‌వాళ్లు రైలుతోపాటు ఈ మాటలనీ మనకి తెచ్చిపెట్టారు. ముంబైలో చర్చ్‌గేట్ వైపో, ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ వైపో వెళ్లే రైలు అప్. లోనావాలా దగ్గర ఘాట్ దిగి, సముద్రమట్టానికి చేరుతున్నా దాని పేరు అప్పే. అదే హౌరా సంగతి చూడండి. అక్కడి నుంచి కాల్కా వెళ్లే పేరున్న మెయిల్‌ని ఒకప్పుడు ‘1 అప్’ అనేవారు. తిరిగి హౌరా వచ్చేది ‘2 డౌన్’. అంటే ముంబైకి చేరడం అప్ అయితే, హౌరా వదలడం అప్! 2010 డిసెంబరులో రైళ్లకి అయిదంకెల నంబర్లు వచ్చాయి. ఆ కాల్కా మెయిల్ 2021లో నేతాజీ ఎక్స్‌ప్రెస్ అయింది. అయినా పట్టాల మీద అప్, డౌన్ మాత్రం అలాగే ఉన్నాయి.

మన ‘ఉప’కి చుట్టం

ఇంతకీ ఈ మాటది ఏ ఊరు? వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లిషులోనూ ఇది ‘అప్’ లాంటి మాటే. జర్మన్‌లో ‘అవుఫ్’, డచ్చిలో ‘ఓప్’ దీని అన్నదమ్ములు. తలుపు తెరవడానికి వాడే ‘ఓపెన్’ కూడా దీని కడుపున పుట్టిందే. ఇంకా వెనక్కి వెళితే ఈ వంశం కాస్తా మన గుమ్మంలోకే వచ్చి నిలబడుతుంది.

1786లో కలకత్తా సుప్రీంకోర్టు జడ్జి సర్ విలియం జోన్స్ అక్కడి ఏషియాటిక్ సొసైటీలో ఒక ప్రసంగం చేశారు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలకు ఒకే మూలం ఉండి ఉండాలని చెప్పారు. ఆ దారిలో వెళ్లిన పండితులు తర్వాత తేల్చిందేమిటంటే... ఇంగ్లిషు ‘అప్’, సంస్కృత ‘ఉప’ ఒకే వేరుకి పుట్టిన కొమ్మలు! ఉపనది, ఉపవాసం, ఉపనయనం, ఉపరాష్ట్రపతి అని మనం రోజూ అనే మాటల్లో ఉన్నది అదే ‘ఉప’. కింద నుంచి పైకి, దగ్గరికి అన్నది ఆ వేరు అర్థం. ఒక కొమ్మలో ‘పైకి’ మిగిలింది, ఇంకో కొమ్మలో ‘దగ్గర’ మిగిలింది. ఉపరితలం అన్నప్పుడు వాడే ‘ఉపరి’కి కూడా చుట్టాలున్నారు. ఇంగ్లిషు ‘ఓవర్’, లాటిన్ ‘సూపర్’, గ్రీకు ‘హైపర్’... ముగ్గురూ దాని జ్ఞాతులే. మన కుర్రాళ్లు ‘సూపర్!’ అని ఈల వేసినప్పుడు తెలియకుండానే ఉపరిని తలుచుకుంటున్నారన్నమాట.

వెనక వచ్చే ఉపసర్గ

సరే, చుట్టరికం తెలిసింది. మరి పెద్దమ్మ ప్రశ్న? తెలిసిన రెండు మాటలు కలిసి తెలియని మాట ఎలా అవుతుంది?

ఈ చిక్కు ఇంగ్లిషువాళ్లకీ తెలుసు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన సుప్రసిద్ధ నిఘంటువు అచ్చు వేసినప్పుడు ముందుమాటలోనే ఈ సంగతి ఒప్పేసుకున్నాడు. క్రియ వెనక ఓ చిన్న మాట తగిలించి అర్థం మార్చేసే అలవాటు తమ భాషలో చాలా ఎక్కువనీ, పరాయిదేశాలవాళ్లకి అన్నిటికంటే కష్టమైనది అదేననీ రాశాడు. వీటికి ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ రాసిన పుస్తకంతో వ్యాప్తిలోకి వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ తనకి ఆ పేరు సూచించారని స్మిత్ చెప్పుకున్నారు.

వాళ్లకి ఆ పేరు 1925లో దొరికింది కానీ, ఇలాంటి సంగతిని మన సంస్కృత వైయాకరణులు ఎప్పుడో చెప్పేశారు. సంస్కృతంలో 22 ఉపసర్గలున్నాయి. ధాతువు ముందు చేరి అర్థాన్ని బలవంతంగా ఇంకెక్కడికో లాక్కుపోవడమే వాటి పని. ‘హృ’ అనే ధాతువు తీసుకోండి. అర్థం తీసుకుపోవడం. ముందు ‘ఆ’ చేరిస్తే ఆహారం... తినేది. ‘వి’ చేరిస్తే విహారం... షికారు. ‘ప్ర’ చేరిస్తే ప్రహారం... దెబ్బ. ‘సం’ చేరిస్తే సంహారం... చావు. ‘పరి’ చేరిస్తే పరిహారం... ప్రమాదం జరిగితే ప్రభుత్వం ఇచ్చేది! ఆహారానికీ సంహారానికీ మధ్య ఉన్నది ఒక్క ఉపసర్గ తేడా. ఆ రెంటినీ మనం ఏనాడైనా కలగాపులగం చేశామా? ఇంగ్లిషువాడు ఆ ఉపసర్గని ముందు కాకుండా వెనక పెట్టాడు, విడిగా రాశాడు. అంతే తేడా. త్రో వేరు, త్రో అప్ వేరు. రెంటినీ విడదీసి అర్థం చెప్పుకోవడం అంటే ‘పరిహారం’లో హారం ఎక్కడుందని వెతుక్కోవడమే.

మనకి ఇవి కొత్తగా ఉండటానికి ఇంకో కారణమూ ఉంది. 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్నారు. కోర్టుల్లో, కొలువుల్లో ఫ్రెంచి, లాటిన్ మాటలు చేరాయి. ఇళ్లలో మాత్రం పాత ఇంగ్లిషు మాటలే మిగిలాయి. అందుకే నేటికీ ఒక్కో పనికి ఇంగ్లిషులో రెండేసి మాటలు కనిపిస్తుంటాయి. కాగితం మీద ‘వామిట్’, నోటి మాటగా ‘త్రో అప్’. కాగితం మీద ‘టాలరేట్’, నోటి మాటగా ‘పుట్ అప్ విత్’. కాగితం మీద ‘సరెండర్’, నోటి మాటగా ‘గివ్ అప్’. మనకి ఇంగ్లిషు వచ్చింది పుస్తకాల నుంచీ, ఆఫీసు కాగితాల నుంచీ. వాళ్ల వంటింట్లోంచి కాదు. అందుకే పెద్దమ్మకి ‘వామిటింగ్’ వచ్చు, ‘త్రోయింగ్ అప్’ రాదు. ఆమె ఇంగ్లిషులో లోటు లేదు. అది వచ్చిన దారి వేరు.

తాగు... తాగేయ్!

ఇప్పుడు వంటింటి సంగతి. ఆసుపత్రి నుంచి వచ్చిన వారం రోజులకి ఓ పొద్దున్న, ఏడేళ్ల మనవడు పాల గ్లాసు సగంలో వదిలి బొమ్మల దగ్గరికి పరిగెత్తాడు. అక్క వెనక నుంచి ‘డ్రింక్ అప్!’ అని కేకేసింది. సరిగ్గా అదే క్షణంలో పెద్దమ్మ కూడా కేకేసింది... ‘తాగేయ్ నాన్నా!’

అని, ఆగిపోయిందట. ఆ రాత్రే నాకు ఫోను. ‘దొరికిందే! అప్ అంటే మన ఏయ్!’

ఆలోచించి చూడండి. పాలు తాగు అంటే పని చెప్పడం. పాలు తాగేయ్ అంటే గ్లాసు ఖాళీ చెయ్యమనడం. డ్రింక్‌కీ, డ్రింక్ అప్‌కీ ఉన్న తేడా ఇదే. ఈట్ అంటే తిను, ఈట్ అప్ అంటే తినేయ్. టేర్ అంటే చింపు, టేర్ అప్ అంటే చింపేయ్. యూజ్ అప్... వాడేయ్. పే అప్... కట్టేయ్. టై అప్... కట్టిపడేయ్. హ్యాంగ్ అప్... ఫోన్ పెట్టేయ్. గివ్ అప్... వదిలేయ్. ఆఖరికి ఆ ‘త్రో అప్’ కూడా... కక్కేయ్!

‘తాగి వేయి’ అన్నది ‘తాగేయ్’ అయింది. ఇందులో ఉన్న ‘వేయు’కి విడిగా అర్థం విసరడం, పెట్టడం. కానీ పాలు తాగి గ్లాసు విసిరేయమని ఎవరైనా అనుకుంటారా? రెండో మాట తన సొంత అర్థం వదులుకుని, మొదటి మాటకి ‘పూర్తిగా’ అన్న బలాన్నిచ్చింది. అప్ కూడా అంతే. ‘పైకి’ అన్న అర్థం వదులుకుని, ‘పూర్తిగా, మొత్తంగా, మిగలకుండా’ అన్న అర్థం తెచ్చుకుంది. గ్లాసులో పోసింది అంచు దాకా వస్తే నిండినట్టు కదా! ‘ఫిల్ అప్’లో పైకి అన్నా పూర్తిగా అన్నా ఒకటే. ఒక అర్థంలోంచి ఇంకో అర్థం ఎలా పుట్టి ఉంటుందో ఆ ఒక్క మాట చూస్తే తెలిసిపోతుంది.

ఇక్కడే ఓ తమాషా. ‘ఉప’ మనకి సంస్కృతం నుంచి అరువొచ్చింది. ‘ఏయ్’ మాత్రం అచ్చంగా మనది. తెలుగు పుట్టింది సంస్కృతం నుంచి కాదనీ, తమిళ కన్నడాలతో కలిపి వేరే కుటుంబమనీ 1816లోనే మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే అధికారి వాదించాడు. కాబట్టి అప్‌కీ ఏయ్‌కీ రక్తసంబంధం ఏమీ లేదు. అయినా రెండు భాషలవాళ్లూ తమ పిల్లలకి పాలు పట్టాల్సి వచ్చినప్పుడు ఒకే ఉపాయం పన్నారు.

మనింటికొచ్చి మారిపోయినవి

ఈ అప్‌లు మన భాషలోకి ఎన్నొచ్చాయో లెక్కపెట్టారా? మేకప్, చెకప్, లాకప్, రన్నరప్, బ్రేకప్, క్లోజప్, స్టార్టప్. వచ్చినవి ఊరికే కూర్చోలేదు. మన ఇంటి కోడళ్లలా ఇక్కడి పద్ధతులు నేర్చేసుకున్నాయి.

బిల్డప్: ఇంగ్లిషులో మెల్లమెల్లగా పెరగడం, పేరుకోవడం. తెలుగులో లేని గొప్ప ఉన్నట్టు చూపించడం. ‘ఆ బిల్డప్పులే వద్దు’ అని మనవాళ్లు అంటే ఇంగ్లిషువాడు బిక్కమొహం వేస్తాడు.

గెటప్: వాళ్లకి ఒంటి మీది దుస్తులు, అదీ కాస్త వింతగా ఉంటే. మనకి హీరో వేషం. ‘ఈ సినిమాలో మూడు గెటప్పులట!’

ప్యాకప్: డైరెక్టరు ఈ మాట అంటే మన షూటింగ్‌లో ఆ రోజుకి పని అయిపోయినట్టు. హాలీవుడ్‌లో అయితే ‘రాప్’ అంటారు.

పికప్: మనకి బైకు గేరు మార్చగానే అందుకునే వేగం. అమెరికాలో ఈ మాటంటే ముందు గుర్తొచ్చేది వెనక తొట్టి ఉన్న బండి.

ఇక తెలుగువాడు ఎక్కువగా పలికే అప్ ఏదంటే... వేసవిలో ఏ కిళ్లీకొట్టు దగ్గరైనా వినపడేదే. థమ్సప్! 1977లో కోకాకోలా కంపెనీ మన దేశం వదిలి వెళ్లినప్పుడు పార్లే కంపెనీ ఈ డ్రింకుని తెచ్చింది. బొటనవేలుకి ఇంగ్లిషు స్పెల్లింగులో ఉండే ‘బి’ అక్షరం ఈ పేరులో లేదు. 1993లో తిరిగొచ్చిన కోకాకోలా కంపెనీ, తమ డ్రింకుని పోటీగా నిలబెట్టడమే కాకుండా దీన్నీ కొనేసుకుంది. చిరంజీవి, మహేశ్‌బాబు లాంటి హీరోలు ప్రచారం చేసిన ఈ సీసా మన విందుల్లో బిర్యానీ పక్కన ఓ సభ్యుడు.

ఇన్ని అప్‌లు మన దగ్గర ఉన్నా, అప్పు మాత్రం అచ్చ తెలుగు మాటే. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు... నెలాఖర్లో తప్ప!

పిల్లలకెలా చెప్పాలి?

బజార్లో ఫ్రేజల్ వెర్బుల పుస్తకాలు బోలెడు. వరసగా వందల మాటలు, ఎదురుగా అర్థాలు. బట్టీ పడితే పరీక్ష దాకా ఉంటాయి, నోటి దాకా రావు. దానికంటే ఇలా చేసి చూడండి.

ముందుగా రెండు మాటల్నీ ఒకే మాటగా గుర్తుపెట్టుకోమనండి. గివ్ ఒకటి, అప్ ఒకటి కాదు. ‘గివప్’ అని ఒకటే. మనం ఆహారాన్ని విడగొట్టనట్టే.

రెండోది, అప్ కనపడగానే తెలుగులో ‘ఏయ్’ చేర్చి చూడమనండి. వాక్యం అతికితే సరే. అతకకపోతే అది వేరే రకమని గుర్తుపెట్టుకోవాలి. ఉదాహరణకి ‘లుక్ అప్’ అంటే డిక్షనరీలో వెతకడం. ‘బ్రింగ్ అప్’ అంటే పిల్లల్ని పెంచడం. లేదా మాటల మధ్యలో ఒక విషయం ఎత్తడం. ‘మేక్ అప్’ అంటే ముస్తాబు, అలక తీరి కలిసిపోవడం, లేని కథ అల్లడం... మూడూ! ‘స్టాండ్ అప్’ అంటే లేచి నిలబడటం. కానీ ఎవరినైనా ‘స్టాండ్ అప్’ చేశారంటే, వస్తానని చెప్పి రాకుండా వాళ్లని కాపలా కాయించినట్టు. వీటికి ఏయ్ మంత్రం పారదు. ఒక్కోదాన్నీ ఒక్కో వాక్యంలో పెట్టి నేర్చుకోవాల్సిందే.

మూడోది మనవాళ్లు తరచూ పొరబడే చోటు. ‘పిక్ అప్ ద పెన్’ అనొచ్చు, ‘పిక్ ద పెన్ అప్’ అనీ అనొచ్చు. కానీ పెన్ బదులు ‘ఇట్’ వస్తే అది మధ్యలోనే కూర్చోవాలి. ‘పిక్ ఇట్ అప్’ అనాలే తప్ప ‘పిక్ అప్ ఇట్’ అనకూడదు.

నాలుగోది, వ్యతిరేక పదం చూసి అర్థం ఊహించొద్దు. ఇల్లు కాలి కూలితే ‘బర్న్ డౌన్’. కాగితం కాలి బూడిదైతే ‘బర్న్ అప్’. రెంటిలోనూ మిగిలేది బూడిదే. బండి ‘స్లో డౌన్’ అయినా, ‘స్లో అప్’ అయినా నెమ్మదించిందనే అర్థం. పెట్రోలు ట్యాంకుని ‘ఫిల్ అప్’ చేస్తారు. బ్యాంకు ఫారాన్ని మాత్రం ‘ఫిల్ అప్’ అనడం మనకి అలవాటైనా, అమెరికావాళ్లు ‘ఫిల్ అవుట్’ అనీ, బ్రిటన్‌వాళ్లు ‘ఫిల్ ఇన్’ అనీ అంటారు.

అన్నిటికంటే ముఖ్యమైనది పెద్దవాళ్లకి. విదేశాల్లో ఆసుపత్రికో ఆఫీసుకో వెళ్లినప్పుడు, మాటలు తెలిసినవే అయినా ప్రశ్న వింతగా అనిపిస్తే ‘నో’ అనేయొద్దు. ఇంకోలా చెప్పమని అడగండి. అమెరికాలో చాలా ఆసుపత్రుల్లో కోరితే తెలుగు దుబాసీని ఫోన్లో కలిపే ఏర్పాటు ఉంటుంది. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అర్థం కాలేదని చెప్పడంలో చిన్నతనమూ లేదు.

మనవడి తెలుగు

పెద్దమ్మ ఆ ఆరు నెలలూ ఓ నోటుపుస్తకం పెట్టుకుంది. లెక్కల టీచరు కదా, ఎడమ వైపు అప్, కుడి వైపు ఏయ్, అతకని వాటికి పక్కన ఎర్ర సిరా చుక్క. మనవడిని కూర్చోబెట్టుకుని వాడు చెప్పే ఇంగ్లిషు తను రాసుకునేది. తను చెప్పే తెలుగు వాడు పలికేవాడు. అంతకుముందు అమ్మమ్మ ఏదడిగినా ఇంగ్లిషులో ఒక్క ముక్కలో జవాబు చెప్పి పారిపోయే పిల్లాడు, ఈ ఆటలో పడి తెలుగు వాక్యాలు కట్టడం మొదలుపెట్టాడు. ‘తినేశాను’, ‘చింపేశాను’, ‘దాచేశాను’... చేసే పనులన్నీ అల్లరివే కాబట్టి ఏయ్‌కి కొరత లేకపోయింది.

తిరుగు ప్రయాణం నాటి పొద్దున్న విమానానికి టైమవుతోందని వాడే ముందు లేచి, అమ్మమ్మ గదిలోకి వచ్చాడట. దుప్పటి లాగుతూ, ‘అమ్మమ్మా, లేచేయ్! లేచేయ్!’ అన్నాడట. వేక్ అప్‌లో అప్ ఉంది కదా మరి... వాడి లెక్క ప్రకారం ఏయ్ రావాల్సిందే!

‘లేచేయ్ కాదురా కన్నా, లే అంటే చాలు’ అంది పెద్దమ్మ నవ్వుతూ.

‘వై?’ అన్నాడు వాడు.

ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పిన పెద్దమ్మ దగ్గర జవాబు లేకపోయింది. నోటుపుస్తకం తీసి, ఆ మాట పక్కన ఓ ఎర్ర చుక్క పెట్టింది.